గోవిందు సొక్కా తొడిగిన బొమ్మ

ఆ వానలకాలమంతా మా ఇల్లు ఊడవనేదు.

మా ఇంట్లో ఒక పద్దతున్నాది. మగోడు సముద్రం మీదకి వేటకెళ్లేక మళ్లీ ఒడ్డుకొచ్చీదాకా సీపురు ముట్టుకోకూడదు. మామూలు రోజుల్లో అదేటంత కష్టం కాదు. తెల్లారగట్ట ఎళ్లినోడు మజ్జేనానికి వచ్చీస్తాడు, అప్పుడు ఊడుసుకుంటాం. ఆషాడంలో మాయన గోవిందు ఎక్కిన పడవ కెరటానికి బోల్తా కొట్టినాది. కూడా ఎళ్లిన నరేషు, నాకు వరసకి తమ్ముడు, ఈదుకుంటా వచ్చి ఒడ్డున పడ్డాడు. మాయన రానేదు. మా పాలెం పడవలన్నీ కట్టగట్టుకుని ఎతికినాయి. మనిషీ నేడు, శవమూ నేదు.

మా అత్త లక్ష్మణమ్మ ఆ రోజే సీపురు తీసి సూరులో దోపీసినాది. "నా కొడుకింకా వేటలోనే ఉన్నాడు. ఎవులైనా ఆ సీపురు ముట్టుకున్నారంటే సేతులిరిసీస్తాను," అన్నాది. సోది సెప్పినామె కూడా, దక్షిణం పక్క ఎవుల పడవో ఎక్కినాడు, బతికే ఉన్నాడని సెప్పినాదంట. ఇంకేటున్నాది, అత్తకి అది బ్రమ్మ రాత అయిపోనాది. ఊళ్లో పెద్దలు "సూసింది సాలు లక్ష్మణమ్మా, గడ్డిబొమ్మ సేసి దినం కానిచ్చీద్దాం" అని ఒకపాలి నోరు తెరిస్తే, అత్త ఆళ్ల మీద ఇసక సల్లి తరిమీసినాది.

సముద్రపొడ్డున ఇల్లు ఊడవకపోతే ఏటవుతాదో మీకు తెల్దు. గాలికి ఇసక గుమ్మం దాటొచ్చి పొయ్యి కాడికి పోతాది, పక్కలోకి పోతాది, కూటిలోకి పోతాది. తిని కంచం ఎత్తితే కింద గుండ్రంగా ఇసక నేని జాగా మిగిలీది.

నాకా, ఏటీ అనిపించనేదు. సెప్తే నమ్మరు గానీ నిజం. వచ్చినోళ్లంతా నా మొహం కేసి సూసీవోరు, ఇప్పుడేడుస్తాది, అప్పుడేడుస్తాదని. రాని ఏడుపు నానెక్కడ తేను? పళ్లు తోముకున్నాను, తల దువ్వుకున్నాను, సేపల గంపెత్తుకుని బజారుకెళ్లినాను. కొనీవోళ్లు ముందు నా బొట్టు కేసి సూసి తరవాత సేప కేసి సూసీవోరు. గాజులున్నాయి, మొగుడు నేడు. నాను పునిస్త్రీనా, ముండమోసినానా? అదొక్కటీ ఎవులూ సెప్పనేదు. అది తెలిస్తే ఏడవాలో, ఎదురుసూడాలో ఏదో ఒకటి సేసీదాన్ని.

మా కూతురు అనూరాధ తొమ్మిదో తరగతి. ఆ ఏడే బళ్లోకి కొత్త సైన్సు మేస్టారొచ్చినారు, ఏసురాజు గారని. విజయనగరం నుంచి రోజూ స్కూటర్ మీద వస్తారు, ఆదివారం ఆళ్ల బాప్టిస్టు చర్చిలో పాట పాడతారంట. అంతకు ముందున్నాయన కుర్చీలో కూకుని "పేజీ తియ్యండి, కింద గీతలు గియ్యండి" అనీవోడు. ఈయనేమో "పుస్తకం మూయండి, చేతులు బయటకి తియ్యండి" అంటారంట. ఇంకేటి, పాలెంలో కోడిగుడ్లు కనపడకుండా పోనాయి. ఉప్పు డబ్బాలు కాళీ. కొవ్వొత్తులు, సైకిలు ట్యూబులు, కూల్‌డ్రింకు సీసాలు అన్నీ బడికే. ఉప్పునీళ్లలో గుడ్డు తేలతాదని సూపించినారంట. పక్కింటి గురమ్మ వీధిలో నిల్చుని "ఓలమ్మా, తేలీ గుడ్డు బళ్లో ఉన్నాది, నా పులుసులో గుడ్డేదే?" అని అరిసినాది. ఊరంతా నవ్వినారు. నవ్వాలని నాకూ తెలిసినాది గానీ నవ్వు రానేదు.

ఒక రోజు అనూరాధ నీళ్లు నింపిన సీసా ఒకటి ఇంటికి తెచ్చినాది. లోపల పెన్ను మూతొకటి తేలతన్నాది, దానికి మైదా ముద్ద అంటించున్నాది. సీసాని నొక్కితే మూత అడుక్కి పోతాది, ఒగ్గీస్తే పైకొస్తాది. మేస్టారు సేయించినారంట. ఆ పిల్లగుంట ఆ రోజంతా ఇసకలో కూకుని అదే పని. నొక్కడం, ఒగ్గడం. కూటికి పిలిస్తే రాదు.

"ఒసే, సాలు ఆపు," అన్నాను.

"అమ్మా, మునిగిపోనోడు ఎన్ని దినాలకి తేలతాడే?"

అత్త ఇంటి ఎనకాల ఉన్నాది, వినపడనేదు. వినపడుంటే ఆ సీసా సముద్రంలోకి పోయీది. నాను కంచం అక్కడెట్టి, "నాకేటి తెలుసు. మీ మేస్టార్ని అడుగు," అన్నాను. కోపంతో అననేదు. నిజంగానే నాకు తెల్దు.

అది అడిగీసినాది. పిల్లలందరి ముందరా, క్లాసులో, అడిగీసినాది.

ఆ సాయంత్రం ఏసురాజు మేస్టారు మా ఇంటికొచ్చినారు. హెల్మెట్ సేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, కింద ఇసక సూసి, సెప్పులు ఇప్పాలో ఒద్దో తెలీక అలాగే ఉండిపోనారు. అత్త రేవు కాడికెళ్లున్నాది, రోజూ ఆ ఏళకి ఎళ్తాది.

"క్షమించండమ్మా. పిల్ల అడిగితే నోట మాట రాలేదు. పాఠం మార్చేశాను," అన్నారు.

"జవాబు తెల్దా మేస్టారూ?"

"తెలుసమ్మా. చెప్పలేకపోయాను."

"అయితే ఇప్పుడు సెప్పండి. ఈ ఇంట్లో ఎవులూ ఏదీ సెప్పడం నేదు."

ఆయన ఇసకలోనే కూకున్నారు. అనూరాధ నా పక్కన కూకున్నాది. మనిషి ముందు మునుగుతాడని, కొన్నాళ్లకి కడుపులో గాలి పుట్టి పైకొస్తాడని, అక్కడినుంచి నీళ్లు ఎటు పోతే అటు పోతాడని సెప్పినారు. సెప్తన్నంతసేపూ తల ఎత్తనేదు.

"నీళ్లు ఎటు పోతాయి?" అన్నాది అనూరాధ.

"కాలాన్ని బట్టి మారతాయమ్మా. చూస్తే గానీ చెప్పలేం."

"సూద్దాం మేస్టారూ."

ఆయన నాకేసి సూసినారు. నాను తలాడించినాను. అనవసరంగా ఆశ పెట్టుకుని కాదు. ఆ గుంట సీసా నొక్కడం మానీస్తాదని.

మొదట కొబ్బరికాయలు ఒగ్గినారు. తొమ్మిదో తరగతంతా కూకుని కాయలకి పచ్చరంగు పూసి, మేస్టారి ఫోన్ నంబరేసి, నరేషు పడవలో తీసుకెళ్లి నీళ్లలో ఇసిరీసినారు. ఎక్కడికి కొట్టుకొస్తే అక్కడోళ్లు ఫోన్ సెయ్యాల. రెండ్రోజుల్లో ఫోనొచ్చినాది, పక్క పాలెం నుంచే. "కాయ ముదురు బాబూ, పచ్చడి బాగా కుదిరినాది, ఇంకో నాలుగు ఒగ్గండి," అన్నాడంట ఎవులో. పిల్లలు పడీ పడీ నవ్వినారంట. మేస్టారు కూడా నవ్వి, "సరే, ఎందుకిలాగైందో ఆలోచించండి," అన్నారంట. అనూరాధే సెప్పినాదంట, కాయ సగం పైకి తేలతాది, గాలి దాన్ని ఒడ్డుకి తోసీసినాది, మనిషైతే నీళ్లలోనే ఉంటాడు, గాలికి దొరకడు అని.

మర్నాడు నా ముందుకొచ్చి నిల్చుని, "అమ్మా, నాన్న సొక్కా ఒకటి కావాల," అన్నాది.

నాను పెట్టి తెరిసి నీలం గళ్ల సొక్కా తీసినాను. పైడితల్లమ్మ పండక్కి విజయనగరంలో కొన్నాది. సిరిమాను ఊరేగింపు సూస్తా నిలబడితే ఎవులో పానకం ఒలకబోసీసినారు, ఆ మరక పోనేదు. ఎందుకని అడగనేదు. అనూరాధ నా మొహం కేసి సూస్తానే ఉన్నాది. నాను ఇచ్చీసి గంప కడుక్కోడానికి ఎళ్లిపోనాను.

జెండా పండగ అయిన మర్నాడు సేపలమ్ముకుని వస్తా బడి గోడ మీంచి సూసినాను. సిమెంటు తొట్టి సుట్టూరా పిల్లగుంటలంతా మూగిపోయి, మోచేతుల దాకా తడిసిపోయున్నారు. తొట్టిలో మాయన సొక్కా. లోపల సీసాలు కుక్కి, సేతులు గోనెపీసులతో కట్టి, కింద పాత ప్యాంటొకటి కలిపి కుట్టినారు. సీసాల్లో నీళ్లు ఎక్కువైతే మునిగిపోతన్నాది, తక్కువైతే కొబ్బరికాయలాగే పైకి తేలతన్నాది.

"ఇంకొంచెం పొయ్యరా."

"ఒరే, సాలు సాలు, మునిగిపోతన్నాది, తీసీ."

"మెడ దగ్గిర సీసా మార్చాల మేస్టారూ."

"మార్చి చూడండి. నన్నడగకండి, నీళ్లని అడగండి," అంటన్నారాయన.

ఆకరికి కాలరొక్కటే పైకి కనపడీలాగ కుదిరినాది. గుంటలు సప్పట్లు కొట్టినారు. ఎవులికీ అది ఎవులో గుర్తు నేదు ఆ నిమిషంలో. అనూరాధ కూడా సప్పట్లు కొట్టినాది. నాను దాని మొహంలో సంబరం సూసి సాన్నాళ్లయినాది.

అప్పుడొచ్చినాది మా అత్త. ఎవులో మోసీసినారు, నీ మనవరాలు బళ్లో నీ కొడుకు బొమ్మ సేస్తన్నాదని.

మా వాళ్లలో శవం దొరక్కపోతే గడ్డితో మనిషి బొమ్మ సేసి, ఆడి బట్టలు తొడిగి, దానికి నిప్పెడతారు. ఆ బొమ్మ సేసీసినారంటే ఆడు అయిపోనట్టే. ఎదురుసూపు నేదు, ఇంకేదీ నేదు. పెద్దలందరూ సెప్పినా అత్త ఒప్పుకోని పనది. మేస్టారికి ఆ సంగతి తెల్దు. గుంటలకి తెలిసినా, ప్రయోగం సందట్లో ఆ సంగతి తోసనేదు.

అత్త తొట్టిలోకి సూసినాది. తరవాత జుట్టు ఇప్పుకుని నేల మీద సరిసినాది.

"బొమ్మ సేసీసినారు! నా కొడుక్కి బొమ్మ సేసీసినారు! ఓసి పాపిష్టిదానా, తండ్రిని నీ సేతుల్తోనే సంపీసినావే!"

అనూరాధ మేస్టారి ఎనక్కి పోనాది. మేస్టారు సేతులు జోడించి, "అమ్మా, ఇది తేలే ప్రయోగం, నీళ్ల వాటం చూడ్డానికి, వేరే ఉద్దేశం..." అంటన్నారు, అత్తకవేటీ వినపడవు. "ఆ సొక్కా ఇప్పండి. ఇప్పుడే ఇప్పండి," అని తొట్టి మీదకి ఎళ్లినాది.

మేస్టారు ఎనక్కి తగ్గి, "తీసేయండిరా," అన్నారు పిల్లలతోటి.

నాను గంప దించి లోపలికెళ్లినాను.

"ఇప్పకండి. ఎళ్లనీ అత్తా."

"ఏటే? నువ్వేనేటే ఆ మాటంటన్నావు?"

"నానే. ఒగ్గీసి సూద్దాం. బతికుంటే బొమ్మ ఏటీ సెయ్యదు. నేకపోతే ఎటెళ్లినాడో సెప్తాది."

అత్త నన్ను కొడతాదనుకున్నాను. కొట్టనేదు. జుట్టు ముడేసుకుని, కొంగు దులుపుకుని, నాకేసి సూడకుండా ఎళ్లిపోనాది. ఆ రోజునుంచి నాతో మాటాడ్డం మానీసినాది. అనూరాధతోనూ మాటాడనేదు. కూడు తనే వొండుకునీది, ఓ మూల కూకుని తినీది. ఒక గదింట్లో ముగ్గురాడోళ్లం, మాట నేదు, మాట బదులు ఇసక.

బొమ్మ ఈపు మీద మేస్టారి నంబరేసి, నరేషు తన పడవలో తీసుకెళ్లినాడు, పడవ బోల్తా కొట్టిన సోటికే. నానూ ఎక్కినాను. నీళ్లలోకి దించినప్పుడు అది ఎల్లకిలా తిరిగినాది, గళ్ల సొక్కాలోకి నీళ్లు పోయి ఉబ్బినాది. నరేషు తెడ్డు ఒగ్గీసి "బావా, బావా" అని ఎక్కెక్కి ఏడ్సినాడు. నాను ఆడి ఈపు నిమిరినాను. నాకు సలేస్తన్నాది, అంతే.

బొమ్మ ఉత్తరం వాటంగా కదిలినాది. ఒక్కసారి కాలరు కనపడినాది, తరవాత అదీ కనపడనేదు.

రోజులు పోనాయి. వినాయకచవితి వచ్చినాది, నిమజ్జనం అయినాది. ఫోను రానేదు. ఇది ఏ నడిసముద్రంలోకో పోనాదనుకున్నారు అందరూ. అనూరాధ ఒక్కత్తే రోజూ మేస్టారి స్కూటర్ శబ్దం వినపడగానే ఎదురెళ్లీది.

ఒక మజ్జేనం మేస్టారు బడి ఒదిలీసి మా ఇంటికొచ్చినారు. ఫోను సేతిలోనే ఉన్నాది, ఇంకా అవతలోళ్లు మాటాడతానే ఉన్నారు. ఆయన ఏటీ సెప్పకుండా స్పీకరు నొక్కి నాకిచ్చినారు. అత్త మూల కూకునున్నాది.

"ఎవులమ్మా, ఆ సొక్కా మనిషి తాలూకా ఆళ్లేనా?" అవతల ముసిలి గొంతు. ఇచ్ఛాపురం దాటి, ఒడిశాలో ఎక్కడో పాలెమంట. పేరు అప్పలసూరి. ఒడిశాలోనైనా ఆళ్లూ మనలాటి తెలుగోళ్లే, వేటగాళ్లే. "మీ బొమ్మ పొద్దున్న మా ఒడ్డుకొచ్చినాదమ్మా. ముందు నిమజ్జనం బొమ్మేమో అనుకున్నాం. దగ్గిరకెళ్తే సొక్కా, ప్యాంటు. ఊరంతా పరిగెట్టినాం. తీరా సూస్తే సీసాలు, నంబరు. బడి పిల్లలు సేసినారంట కదా, బాగా సేసినారు..."

కెరటాల శబ్దమే వినపడతన్నాది.

"శ్రావణంలో వచ్చినోడు మటుకు బొమ్మ కాదమ్మా."

నాను ఫోను పట్టుకునే ఉన్నాను.

"అదే సోటు. మా రేవుకి ఎడం పక్కన. పోలీసులొచ్చి రాసుకున్నారు, ఎవులూ రానేదు. మేమే ఇసకలో పెట్టీసినాం. మొలతాడు నా కాడే ఉంచినాను, ఎవులో ఒకలు రాకపోతారేటని. నల్లతాడు, ఎర్రపూస ఉన్నాది దానికి, పూస పక్కన రాగి తాయెత్తు. మీవోడేనేటమ్మా?"

ఆ పూస మా అత్త కట్టినాది, ఆడికి పసితనంలో జొరమొచ్చి తగ్గినప్పుడు. ఎప్పుడూ ఇప్పనిచ్చీది కాదు. పెళ్లయినప్పుడు కూడా ఇప్పనియ్యనేదు.

"మావోడే," అన్నాను.

అత్త కేసి సూసినాను. మోకాళ్ల మీద గెడ్డం ఆనించుకుని ఎలాగున్నాదో అలాగే ఉన్నాది. ఏడవనేదు, అరవనేదు. మేస్టారు ఫోను తీసుకుని బైటికెళ్లి ఆళ్లతో దారీ తెన్నూ మాటాడుకున్నారు.

మర్నాడు ఊడుస్తన్న సప్పుడికి మెలకువొచ్చినాది. అత్త వంగోని మూలలోంచి మొదలెట్టి ఊడుస్తన్నాది. పొయ్యి కాడ, పెట్టి కింద, మా పక్కల సుట్టూరా. నాను లేసి సేటతో ఎత్తబోతే, "ఉండు, నాను ఎత్తుతాను," అన్నాది. ఎన్నాళ్లకో మాటాడిన మాట అదీ. ఇల్లంతా ఊడ్సి, ఇసక బైట పోసి, మొహం కడుక్కుని, "రైలెన్నింటికంట?" అన్నాది.

విజయనగరంలో పాసింజరెక్కినాం, అత్తా, నానూ, అనూరాధా, మేస్టారూ. ఇచ్ఛాపురంలో దిగి ఆటో కట్టుకుని ఎళ్లినాం. అప్పలసూరి మా అత్తకంటే పెద్దోడు, నడుం వొంగిపోనాది. సరుగుడు సెట్ల కింద ఇసక మిట్ట సూపించినాడు, తలకాడ పడవ సెక్క ముక్కొకటి పాతున్నారు. మొలతాడు తెచ్చి అత్త సేతిలో ఎట్టినాడు. అత్త పూసని ఏలితో రుద్ది సూసి, కళ్లకద్దుకుని, రొండిన దోపుకున్నాది. అప్పుడు కూలబడి ఏడ్సినాది. ఆ పాలెం ఆడోళ్లు కూడా సుట్టూ కూకుని ఏడ్సినారు, ఎవులో ఎరగని మనిషి కోసం. ఆళ్లలో ఒకామె నా సేతులు పట్టుకుని, "పిల్లా, గాజులు ఇక్కడ తీస్తావా, ఇంటికెళ్లేకా?" అని అడిగినాది. ఇంటికెళ్లేక అన్నాను. ఇన్ని నెలలూ ఎవులూ సెప్పని మాట అప్పుడు తెలిసినాది, అయినా లోపల ఏటీ కదల్నేదు. నిల్చున్నానంతే.

ఏడుపు ఆగేక అత్త అనూరాధని దగ్గిరకి రమ్మన్నాది. ఆ గుంట బెదురుతా ఎళ్లినాది. ఆ రోజు తిట్టిన తిట్టు ఇంకా దాని సెవుల్లోనే ఉన్నాది కదా.

"ఏ దారి నొచ్చినాడే మీ నాన్న?"

అనూరాధ మేస్టారి కేసి సూసినాది. ఆయన తలూపినారు. అది సరుగుడు పుల్ల తీసుకుని ఇసకలో గీత గీసినాది. "ఇది మన పాలెం మామ్మా. ఇక్కడ పడవ బోల్తా కొట్టినాది. నైరుతి గాలి కదా, నీళ్లు ఇలాగ ఉత్తరానికి పోతాయి. కళింగపట్నం ముందరనుంచి, తరవాత భావనపాడు, నువ్వలరేవు, బారువ..."

"ఆగు." అత్త ఆ పుల్ల పట్టుకున్నాది. "బారువ నా కన్నోరూరే."

"అవును మామ్మా. ఆ ముందరనుంచే."

"నా పుట్టింటి ముందరనుంచి పోనాడు," అన్నాది అత్త. "మా తమ్ముళ్లు రోజూ ఒడ్డునే ఉంటారు. ఒకడూ సూసినోడు నేడు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూకుని మళ్లీ సెప్పమన్నాది. అనూరాధ మొదట్నించీ సెప్పినాది. ఇంకోపాలి సెప్పమన్నాది. ఆ పాలి గుంట అలిసిపోయి తడబడితే, "నువ్వలరేవు మరిసిపోనావే, భావనపాడు తరవాత నువ్వలరేవు," అని అత్తే అందించినాది. ఎదుటి బల్ల మీద మేస్టారు కళ్లు మూసుకున్నారు గానీ నిద్రపోనేదు.

బారువ స్టేషన్లో రైలాగినాది. సముద్రం అక్కడికి కనపడదు, కొబ్బరి తోటలే. అత్త కిటికీ ఊసల్లోంచి అటే సూస్తా సూస్తా, "ఇక్కడ గానీ ఆగినాడేటే, కొంచెంసేపు?" అని అడిగినాది.

నీళ్లు ఎక్కడా ఆగవని, నీళ్లలో పడ్డదేదీ ఒకరి ఊరు సూసుకుని ఆగదని అనూరాధకి బాగా తెలుసు. తొట్టి కాడ సీసాలు నింపినాది అదే. మేస్టారు కళ్లు తెరిసి దానికేసి సూసినారు.

"ఆగినాడు మామ్మా," అన్నాది అనూరాధ. "ఒడ్డు దగ్గిర నీళ్లు నిదానిస్తాయి. ఒక పూటంతా ఇక్కడే ఉండుంటాడు."

మేస్టారు తప్పని సెప్పనేదు. కళ్లజోడు తీసి తుడుసుకుని, "అవునమ్మా," అన్నారు అత్తతో.

రైలు కదిలినాది. నాకు అప్పుడొచ్చినాది ఏడుపు.